సైదులుకు వేయని రాయి

2024వ సంవత్సరం నవంబరు 18వ తేదీ, సోమవారం నాడు, నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తి పట్టణ నివాసి, కీర్తిశేషులు కడారి కిష్టయ్య కుమారుడు, అరవై నాలుగేళ్ల వయసున్న కడారి పరశురాములు అనే నేను, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి చెందాలో, నా మాట ఎవరికి చేరాలో తెలుపుతూ రాయిస్తున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగానే ఉంది. ఎడమ చెవి పోయింది. ముప్పై ఏళ్లు ఓడల తుప్పు కొట్టిన సుత్తె చప్పుడుకు పోయింది కాబట్టి దాని గురించి ఎవరినీ అనను. కుడి చెవి బాగా వినిపిస్తుంది. నిలకడ లేనిది కాళ్లకే. దస్తావేజులు రాసే రమ టైపు చేస్తుంటే నేను ఆమె గదిలో గోడ నుంచి గోడకు తిరుగుతూ చెబుతున్నాను. "పెద్దయ్యా, జర కూసో. నువ్వు గిట్ల తిరిగితే నా అక్షరం తప్పుతాంది" అని ఆమె ఇప్పటికి రెండుసార్లు కసిరింది. ఆ మాట కూడా కొట్టమన్నాను. నేను చెప్పింది చెప్పినట్టే కొట్టాలన్నది మా ఒప్పందం.

ఇంతకు ముందు మూడుసార్లు వీలునామా రాయించాను. మూడుసార్లూ ఇంటికి పోయి చింపేశాను. వాటిలో ఇల్లూ పొలమూ సరిగ్గానే ఉన్నాయి. ఆరో అంశం లేదు.

1. కల్వకుర్తిలో నేను కట్టించిన మూడు గదుల రేకుల ఇల్లు, వెనక జాగతో సహా, నా భార్య కృష్ణమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె బతికుండగా దాన్ని పంచమని ఎవరూ అడగకూడదు. పెళ్లయి నలభై ఏళ్లు దాటింది. నేను బొంబాయిలో, ఆమె ఇక్కడ గొర్రెల వెంట గడిపిన కాలం తీసేస్తే మేము కలిసి ఉన్నది పదమూడేళ్లు కూడా ఉండదు. తూర్పు గది కిటికీకి తలుపు పెట్టిస్తానని నేను తిరిగొచ్చిన రోజు చెప్పాను, ఇంకా పెట్టించలేదు. వానాకాలం మొత్తం ఆమె ఆ కిటికీకి యూరియా సంచి కడుతుంది. ఈ వారంలో పెట్టిస్తాను. ఈలోగా నాకేమైనా అయితే విజేందర్ పెట్టించాలి. ఇది కోరిక కాదు, షరతు.

2. ఊరి శివారులో నా పేరున ఉన్న ఎకరం పది గుంటల్లో ఎకరం నా కుమారుడు విజేందర్‌కు చెందాలి. మిగతా పది గుంటల సంగతి ఎనిమిదో అంశంలో ఉంది. నా తుప్పు కొట్టే సుత్తె కూడా వాడికే. శ్రీశైలం రోడ్డు మీద వాడి వెల్డింగ్ షాపులో దాన్ని మేకుకు తగిలించి పెట్టకుండా వాడుకోవాలి. ఇరవై మూడు గొర్రెలు మాత్రం కోడలు పుష్పకు. వాటిని మేపేది, ఈనితే రాత్రంతా కూర్చునేది ఆమె. విజేందర్‌కు ఏ గొర్రె ఏదో కూడా తెలియదు. కోపమొస్తే నా ఫొటో మీద తీర్చుకోవచ్చు.

3. మా నాయిన గొంగడి నా తమ్ముడి దగ్గర ఉంది. పదో దినం నాడు చెదలు తిన్నదని చెప్పి తీసుకుపోయాడు. మరుసటి నెల అదే గొంగడి కోసి వాడి స్కూటర్ సీటుకు కుట్టించడం నేను కళ్లారా చూశాను. దాన్ని తిరిగి కోరడం లేదు. నేను మరిచిపోలేదన్నది మాత్రం రాతపూర్వకంగా ఉండాలి.

4. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురు సుచరితది. ఆమె దవాఖానలో నర్సు. నెత్తురు చూసి కళ్లు తిప్పుకోదు కాబట్టి ఆరో అంశం ఆమె చేతిలో పెడుతున్నాను. నా రేకు పెట్టె, అందులోని కాగితాలన్నీ ఆమెకే. ఆమె బిడ్డ అనూహ్యకు నేను ఇత్తడి ముక్కలతో చేసిన ఓడ బొమ్మ చెందాలి. దాని అడుగు పలక ఊడి వస్తుంది. లోపల అరలు కనిపిస్తాయి. మేమందరం పనిచేసింది ఆ అరల్లోనే అని పిల్లకు చూపించాలి.

5. సంఘం డబ్బా గురించి.

ఇది పాత డాల్డా డబ్బా, మూత లేదు. దీన్ని ఎందుకు వీలునామాలో పెడుతున్నానో నా పిల్లలకే సరిగ్గా తెలియదు. కొంచెం వెనక్కి పోవాలి.

బొంబాయి అవతల సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఓడల కార్ఖానాకు పాలమూరు, నల్లగొండల నుంచి మమ్మల్ని మేస్త్రీలు తోలుకుపోయేవాళ్లు. నీళ్లు లేని ఊళ్ల వాళ్లం, సముద్రం మీద తిరిగే ఓడలు కట్టాము. ఓడ అడుగున రెండు ఇనుప రేకుల మధ్య, వంగి పాకాల్సిన అరలుంటాయి. ఒక్కో వరుస అరల్లోకి పోవడానికి మనిషి పట్టేంత కంత ఒకటే. తుప్పు కొట్టడం, వెల్డింగ్, రంగు అన్నీ దానిలోనే. పని అయ్యాక కంతకు మూత బిగించి, గాలి పంపే యంత్రం ఆపేస్తారు. లోపల ఎవరైనా మిగిలితే, తుప్పు పడుతూ ఆ ఇనుమే గాలిని తినేస్తుంది. గుత్తేదారు రిజిస్టరులో రాని మనిషి పేరుండేది, దిగిన మనిషి పేరు ఉండేది కాదు. 1993లో ఒక్క వానాకాలంలోనే మా వాళ్లు ముగ్గురు అట్లా పోయారు. వాళ్లు పనికే రాలేదని కాగితం చూపించారు.

అప్పుడు మా చిన్నాయన కురుమయ్య కంత పక్కన ఈ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. అక్షరం రాదు. యాభై ఏళ్లు గొర్రెలను దొడ్డి తడక దగ్గర లెక్కబెట్టిన మనిషి. ఒకడు దిగితే డబ్బాలో ఒక రాయి వేశాడు, ఒకడు ఎక్కితే ఒక రాయి తీశాడు. డబ్బా ఖాళీ అయితే తప్ప కంత మూత ముట్టనివ్వలేదు. సూపర్‌వైజర్ డబ్బాను తన్నితే రాళ్లన్నీ ఏరుకుని మళ్లీ కూర్చున్నాడు. "రాయి లేకుంట ఒక్కడు దిగడు, గంతే" అన్నాడు. మరునాడు నిజంగానే ఎవరూ దిగలేదు. మా ఓడ అడుగు పనివారల సంఘం అట్లా పుట్టింది. మిగతా సంఘాల వాళ్లు మమ్మల్ని రాళ్ల సంఘమని ఎగతాళి చేసేవాళ్లు. 1997లో పంతొమ్మిది రోజులు పని బంద్ పెట్టాక, కంత దగ్గర కూర్చునే మనిషిని సంఘమే ఎంచుకుంటుందని యాజమాన్యం రాసిచ్చింది. అంతకు ముందు పోయిన పదకొండు మంది పేర్లు ఆఫీసులో నల్లరాతి పలక మీద చెక్కించాము. పన్నెండో పేరు ఎక్కకూడదని ఒట్టు వేసుకున్నాము.

ఆ డబ్బా ఇప్పటి కార్యదర్శి రాకేష్‌కు చెందాలి. నా తరువాత ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లలో వాడే గట్టివాడు. వాడిది మహబూబ్‌నగర్, నోరు కొంచెం ఎక్కువ. ఈ రోజు నుంచి నాతో మాట్లాడకపోయినా డబ్బా వాడికే.

6. ఈ అంశం దగ్గరికి వచ్చేసరికి చాయ్ తాగొస్తానని బయటికి పోయాను. బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను. రమ కాగితం మార్చకుండా అట్లాగే ఉంచింది.

మా గొర్రెల లెక్కలో ఒక పద్ధతి ఉంది. పాలు తాగే పిల్ల తల్లి వెంటే ఉంటుంది కాబట్టి తల్లీపిల్లలకు కలిపి ఒక్కటే రాయి. పిల్ల పాలు మరిచాకే దానికి వేరే రాయి. చిన్నాయన ఆ పద్ధతినే ఓడ మీదికి తెచ్చాడు. వెల్డర్ వెంట హెల్పర్ ఉంటాడు, తీగ పట్టుకుంటాడు, దీపం పట్టుకుంటాడు, వెల్డర్ ఎక్కితే ఎక్కుతాడు. వాళ్లిద్దరికీ ఒక్కటే రాయి. ఇరవై రెండేళ్లు అట్లాగే నడిచింది. ఎవరికీ అది తప్పని తోచలేదు. చదువుకున్న నాకూ తోచలేదు.

2015 సెప్టెంబరు 5, శనివారం. ఆ రోజు కంత దగ్గర కూర్చోవాల్సిన మనిషికి జ్వరమొస్తే, ప్రధాన కార్యదర్శినైన నేనే డబ్బా పట్టుకుని కూర్చున్నాను. పానగల్ వాసి ఐలేశం వెల్డర్. అతని హెల్పర్ కేతేపల్లి మండలానికి చెందిన సైదులు, ముప్పై ఒక్కేళ్ల వాడు. నాలుగు గంటలకు ఐలేశం కడుపునొప్పితో ఒక్కడే ఎక్కి, మరుగుదొడ్డి వైపు ఉరికాడు. వెనకే సైదులు వస్తున్నాడని అతను అనుకున్నాడు. సైదులు లోపలి అరలో రాడ్ ముక్కలు ఏరుతూ ఉండిపోయాడు. నేను ఐలేశాన్ని చూశాను, ఒక రాయి తీశాను, డబ్బా ఖాళీ అయింది. మూత నా చేతులతోనే బిగించాను. గాలి యంత్రం నేనే ఆపించాను.

సైదులు ఆ సాయంత్రమే ఊరి బస్సు ఎక్కాలి, కూతురు మనీషకు చెవులు కుట్టించాలి. అందుకని గదిలో వాళ్లు వెతకలేదు, ఊరికి పోయాడనుకున్నారు. ఊళ్లో అతని భార్య సోమమ్మ ఆదివారమంతా సూర్యాపేట రోడ్డు మీద బస్సులు చూస్తూ నిలబడింది. సోమవారం పొద్దున మూత తీశాము.

యాజమాన్యానికి కావలసింది దొరికింది. సంఘం లెక్క తప్పింది కాబట్టి కంత దగ్గర గుత్తేదారు మనిషే కూర్చుంటాడని నోటీసు తయారుచేశారు. మా కమిటీ కూర్చుంది. ఆరు వందల మంది ప్రాణాలు ఆ డబ్బా మీద ఉన్నాయని అందరమూ అన్నాము. అది నిజమే. నిజం కాని కాగితం నేను రాశాను. లెక్క పూర్తయి, బయటికొచ్చిన సైదులు, అనుమతి లేకుండా పక్క వరుస కంత గుండా తిరిగి దిగి ఆ అరలోకి పాకాడని విచారణలో నా సంతకంతో ఇచ్చాను. ఐలేశం చేత కూడా వేలిముద్ర వేయించాను. నోటీసు ఆగిపోయింది. తప్పు సైదులుదే అని తేలింది కాబట్టి అతని ఇంటికి రావలసింది రాలేదు. నల్లరాతి పలక మీద పేరూ ఎక్కలేదు. అనుమతి లేకుండా ఎందుకు దిగాడని జనం అడిగితే ఎవరో తాగి దిగాడన్నారు. ఆ మాట సంఘం పుట్టించలేదు. కాదని కూడా అనలేదు. ఊరి దాకా పోయింది.

రుజువు నా రేకు పెట్టెలో ఉంది. ఆ సోమవారం మధ్యాహ్నమే నేను నా దస్తూరితో ఒక సర్క్యులర్ రాసి అన్ని కంతల దగ్గరా అంటించాను. "నేటి నుండి హెల్పర్‌కు వేరే రాయి వేయవలెను." ఎందుకని ఒక్కడు అడగలేదు. ఆరు వందల మందికీ అర్థమైంది, ఆరు వందల మందిమీ నోరు మూసుకున్నాము. ఆ సర్క్యులర్ అసలు ప్రతి సుచరితకు అప్పగిస్తున్నాను.

నాలుగేళ్ల తరువాత పని మానేసి వచ్చాను. తొమ్మిదేళ్లుగా నేను మంచం మీద వాలితే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. మోకాళ్ల నొప్పి అనుకుని కృష్ణమ్మ ఆముదం రాస్తుంది.

మొన్న దసరా తరువాత రాకేష్ నాకు ఒక కట్ట పంపాడు. సంఘం ముప్పై ఏళ్ల చరిత్ర పుస్తకం వేస్తున్నారు, ముందుమాట నేను రాయాలి. అందులో పెద్ద అక్షరాలతో ఉంది: 'ముప్పై ఏళ్లలో మా లెక్కలో ఒక్క మనిషీ తప్పలేదు.' సైదులు పేరు ఎక్కడా లేదు. వచ్చే నెల కార్మిక న్యాయస్థానంలో విచారణ ఉంది. కంతల దగ్గర మనుషులను తీసేసి కార్డు యంత్రాలు పెడతామని యాజమాన్యం అంటోంది, మా తరఫున ఆ వాక్యమే పెద్ద ఆధారం. నేను ఫోన్ చేసి అంతా చెప్పాను. రాకేష్ అంతా విన్నాడు. తరువాత అన్నాడు: "అన్నా, గిప్పుడు గది బయటవెడితే మన కుత్తుకలు మనమే కోసుకున్నట్టు. నువ్వు రిటైరైనవ్. లోపట దిగేది మేము." వాడన్నది నిజమే. ఈ కాగితం వల్ల సంఘం ఓడిపోతే, రేపు ఏ కంతలో ఎవరు మిగిలినా అది కూడా నా మీదే పడుతుంది. అది తెలిసే రాయిస్తున్నాను. వాళ్ల ప్రాణాలు కాపాడడానికి సైదులును తొమ్మిదేళ్లు తాగుబోతును చేశాము. ఇంకొక్క రోజు కూడా నేను చేయను. విచారణకు నేనే పోయి నిలబడతాను. ఎట్లా తప్పిందో, తప్పినాక ఎట్లా దిద్దుకున్నామో రెండూ చెబుతాను. న్యాయస్థానం దేన్ని పట్టుకుంటుందో నాకు తెలియదు. భయంగా ఉంది.

ఆస్తికి సంబంధించిన అంశాలు నేను పోయాక అమలు కావాలి. ఈ ఆరో అంశం మాత్రం ఈ రోజు నుంచే అమలు. నకలు ఒకటి రాకేష్‌కు, ఒకటి న్యాయస్థానానికి ఈ సాయంత్రం పోస్టులో పోతాయి.

7. నేను చనిపోతే నా మీద సంఘం జెండా కప్పడం ఆనవాయితీ. నల్లరాతి పలక మీద పన్నెండో పేరుగా సైదులు పేరు చెక్కేదాకా నా శవం మీద ఆ జెండా కప్పకూడదు. చెక్కకపోతే మామూలు తెల్లబట్ట చాలు.

8. ~~ఊరి శివారు భూమిలో బావి వైపు ఉన్న పది గుంటలు కీర్తిశేషులు సైదులు భార్య సోమమ్మకు సర్వహక్కులతో చెందాలి.~~

ఎనిమిదో అంశాన్ని నేనే కొట్టివేయించాను, పక్కన పొడి సంతకం చేశాను. కారణం రాయవలసి ఉంది.

ఈ కాగితం నా తరువాత ఆమెకు అందడం సరికాదనిపించి, సోమమ్మను ఈ రోజే రమ్మన్నాను. ఐలేశం వెంటబెట్టుకుని వచ్చాడు. మొదటి వాక్యం నుంచి ఏడో అంశం దాకా రమ చదివి వినిపించింది. ఆమె నా వైపు చూడలేదు, రమ నోటి వైపే చూసింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది. "లోపటి నుంచి కొట్టిండా?"

తొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ అది అడగలేదు. విచారణలోనూ అడగలేదు. కొట్టాడు. మూత లోపలి వైపు, సుత్తె దెబ్బలకు రంగు లేచిపోయి, చేయి పట్టినంత మేర ఇనుము తెల్లబడింది. నేను బిగించినప్పుడు కొట్టి ఉంటే నా ఎడమ పక్కనుంచి కొట్టాడేమో, నాకు వినిపించలేదేమో, తెలియదు. తరువాత కొట్టి ఉంటే అక్కడ ఎవరూ లేరు. విచారణ వాళ్లు రాకముందే ఆ మూతకు నేనే రంగు వేశాను. ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె ఏడవలేదు. "గది గూడ రాయి" అంది. రాయించాను.

ఎనిమిదో అంశం చదివాక ఆమె భూమి మాట ఎత్తకుండా సాక్షి సంతకం తానే పెడతానంది. ఆస్తి పొందేవాళ్లే సాక్షి సంతకం పెడితే రేపు కోర్టులో అనుమానిస్తారని, ఏదో ఒకటే ఎంచుకోమని రమ చెప్పింది. పది గుంటలు తీసుకోమని, సాక్షికి వేరే మనిషిని చూస్తామని నేను బతిమాలాను. "నీ జాగ నాకొద్దు. నేను సాక్షి పెడుత. గది కొట్టెయ్" అంది. నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. ఆ పది గుంటలు కోడలు పుష్ప గొర్రెల మేతకు చెందాలి.

9. పైన రాసినవి తప్ప నాకు వేరే ఆస్తి లేదు, ఇంతకు ముందు రాయించినవేవీ చెల్లవు. మొత్తం చదివించుకుని, సరిగ్గా ఉందని తెలుసుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేస్తున్నాను. ఈ ఒక్క సంతకం మాత్రం కూర్చుని చేస్తున్నాను.

కల్వకుర్తి
18–11–2024

(సంతకం) కడారి పరశురాములు

రాసినవారు: రమ, దస్తావేజు లేఖరి, కల్వకుర్తి

సాక్షులు:

1. ఐలేశం, వెల్డర్, పానగల్. ఆ దినం నేను ఒక్కడినే ఎక్కి వచ్చిన. పరశురాములు అన్న మా ముంగట సంతకం చేసిండు. (ఎడమ బొటనవేలి ముద్ర)

2. సోమమ్మ, భర్త సైదులు, కేతేపల్లి మండలం. చదివి వినిపిస్తే విన్న. నా పెనిమిటి తాగి దిగలే. (సంతకం)